పాత దిమ్మె ఎప్పుడు తీయాలి

రాయడం నాకు అలవాటు లేని పని. ఐదో తరగతి పూర్తి కాకముందే బడి మానేశాను. ఆ తర్వాత చేత్తో రాసింది సంతకం ఒక్కటే. చదవడం మాత్రం పూర్తిగా పోలేదు. బస్సు బోర్డు, పేపర్లో పెద్దక్షరాలు, మందు సీసా మీద రాత, ఇలాంటివి కూడబలుక్కుని చదువుతాను. రాత అలవాటు లేకనే ఇది మొదలుపెట్టడానికి చాలా రోజులు వెనకాడాను. ఎవరైనా చదివి, ఈయనకెందుకు ఈ పని అనుకుంటారేమోనని భయం. మా బిడ్డ మాత్రం, "నువ్వు మాట్లాడినట్టే రాయి బాపు, ఎవరు కొట్టరు" అంది. కొట్టరన్న ధైర్యంతోనే రాస్తున్నాను.

మాది గోదావరిఖని. భూమి లోపలి గనిలో టింబర్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాను. బొగ్గు తీసిన చోట పైన ఉన్న రాయి కిందికి దిగకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టడం టింబర్‌మన్ పని. దిమ్మె నిలబెట్టి, దాని నెత్తి మీద అడ్డచెక్క పెట్టి, సుత్తితో కొట్టి బిగించాలి. తర్వాత చేతికర్రతో పైకప్పును తట్టి వినాలి. గట్టిగా పలికితే మంచిది. కుండలా డొల్లగా పలికితే అక్కడ నిలబడకూడదు.

ఈ పనిలో చేరినవాడికి అందరికంటే ముందు నేర్పే సంగతి ఒకటుంది. ఒక దిమ్మె పగిలిందనుకోండి, లేదా వంగిందనుకోండి. దాన్ని పీకేసి ఆ చోట్లో కొత్తది పెట్టకూడదు. ముందు పక్కన కొత్త దిమ్మె నిలబెట్టాలి. బిగించాలి. పైకప్పు బరువు దాని మీదికి వచ్చాక పాతదాన్ని తీయాలి. తీసిన కర్ర బాగుంటే ఇంకో చోట పనికొస్తుంది. పక్కపక్కన రెండు దిమ్మెలు కనపడ్డాయంటే, ఇక పాతది తీయొచ్చని మా చేతులకే తెలిసిపోయేది. ఎవరూ చెప్పక్కర్లేదు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగినదంతా ఈ అలవాటు వల్లే జరిగింది.

మా బిడ్డది కంప్యూటర్ ఉద్యోగం. కంపెనీ హైదరాబాద్‌లో ఉన్నా తను మా ఇంట్లో కూర్చునే పనిచేస్తుంది. పొద్దున లేస్తే వరండాలో ఒక మూల కుర్చీ వేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఎవరితోనో ఇంగ్లీషులో మాట్లాడుతూ ఉంటుంది. ఆ ఉద్యోగం కాక ఇంకో పని కూడా పెట్టుకుంది. దానికి జీతం లేదు. మా ఆవిడ దానికి 'పైసల్లేని ఓవర్‌టైం' అని పేరు పెట్టింది.

ఆ పని గురించి నాకు తెలిసినంత చెబుతాను. కంప్యూటర్‌లో అన్నిటికీ అడుగున ఉండి నడిపించేది ఒకటుంటుందట, దాన్ని సిస్టమ్ అంటారు. కొన్నిటిని కొనాలి. లైనక్స్ అనేదాన్ని మాత్రం ఎవరైనా ఊరికే తీసుకుని వాడుకోవచ్చు. దాన్ని పెన్ డ్రైవ్ లోంచి కంప్యూటర్‌లోకి ఎక్కించేదాన్ని ఇన్‌స్టాలర్ అంటారు. ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్నవాళ్లు కలిసి ఆ ఇన్‌స్టాలర్‌ని తయారుచేస్తారు. ఎవరికి చేతనైన ముక్క వాళ్లు చేసి పంపితే, దాన్ని కనిపెట్టుకుని ఉండే పెద్దమనిషి ఒకాయన చూసి, బాగుంటే కలుపుతాడు. మా బిడ్డ అలాంటి ముక్క ఒకటి చేస్తోంది. ఆయన ఏ దేశంలో ఉంటాడో మాకు తెలియదు. మా గనిలో పని సరిగా ఉందో లేదో చూసి సరే అనేది ఓవర్‌మెన్. అందుకని మేం ఇంట్లో ఆయన్ని కూడా ఓవర్‌మెన్ అనే అనుకునేవాళ్లం.

ఆ పని మీద దానికి ఎందుకంత పట్టుదలో నాకు తెలుసు. కాలేజీలో చదివేటప్పుడు తన కంప్యూటర్ మొండికేస్తే ఒక దుకాణంలో ఇచ్చింది. బాగుచేసినతను కొత్త సిస్టమ్ ఎక్కించి తిరిగిచ్చాడు. కంప్యూటర్ బాగయింది కానీ లోపలున్న చదువంతా పోయింది. అన్నం తినకుండా పడుకుంది ఆ రోజు. కొత్తది ఎక్కించేటప్పుడు పాతది పోకుండా ఉండే దారి ఇన్‌స్టాలర్‌లో పెట్టాలని, అప్పటినుంచో తర్వాతనో, మనసులో పెట్టుకుంది.

ఒకరోజు సాయంత్రం వరండాలో కూర్చుని నాకు చెప్పింది. నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను.

"బాపు, మామూలుగనైతె ఒకటి మార్చాలంటె, పాతది ఉన్న జాగలనే కొత్తది రాస్తది. మధ్యల కరెంటు పోయిందనుకో, పాతది సగం చెడిపాయె, కొత్తది సగమే వచ్చె. రెండు పనికిరావు."

"మరెట్ల?"

"కాపీ ఆన్ రైట్ అని ఇంకో పద్ధతి ఉంది. గది పాతదాన్ని ముట్టదు. కొత్తదాన్ని వేరే జాగల రాస్తది. మొత్తం రాసుడైనంక, ఇగ గిదే అసలుది అని గుర్తు మారుస్తది. మధ్యల ఏమైనా సరే, పాతది ఉన్నది ఉన్నట్టే ఉంటది. ఆ పద్ధతి ఇదివరకే ఉంది గని, మా ఇన్‌స్టాలర్‌ల లేదు. నేను గది పెడుతున్న."

నాకు నవ్వొచ్చింది. "గిది మా దిమ్మెల పనే గద బిడ్డా."

దిమ్మె సంగతి దానికి చెప్పాను. చిన్నప్పటినుంచి వింటున్నదే అయినా ఆ రోజు కొత్తగా విన్నట్టు విన్నది. చిక్కుడుకాయలు రెండు తీసుకుని నేల మీద పక్కపక్కన పెట్టి, "పాతది, కొత్తది" అనుకుంటూ చాలాసేపు చూసింది.

మా ఆవిడ వంటింటి గడప దగ్గర నిలబడి వింటోంది. "గనిల దిగుడు బందయి ఇంట్ల మోపయిండు. ఇగ తండ్రిబిడ్డలు కంప్యూటర్ల దిమ్మెలు పెట్టుర్రి. ముందుగాల ఆ చిక్కుడుకాయలు ఇటియ్యిర్రి" అంది.

ఆ పోలిక మా బిడ్డకు ఎంతగా నచ్చిందంటే, ఇన్‌స్టాలర్‌లో బొమ్మ కూడా అలాగే గీసింది. పాత సిస్టమ్ ఒక నిలువు పట్టీ, బూడిద రంగులో. దాని పక్కనే కొత్త సిస్టమ్ ఇంకో నిలువు పట్టీ, ఆకుపచ్చ రంగులో. అచ్చం రెండు దిమ్మెలే. నాకు చూపించినప్పుడు లోపల గర్వంగా అనిపించింది. పైకి మాత్రం, "రంగు మంచిగుంది" అన్నాను.

పంపడానికి గడువు దగ్గరపడింది. ప్రతి కొత్త విడుదలకు ముందు ఒక రోజు తలుపు మూస్తారట. ఆ రోజు దాటితే ఎంత మంచి పనైనా తర్వాతి విడుదల దాకా ఆగాల్సిందే. ఓవర్‌మెన్ అప్పటికే చాలావరకు ఒప్పుకున్నాడు. ఒక్కటే అడిగాడు. కంప్యూటర్ తెలియని మనిషి ఒకరితో చేయించి చూడు, ఎవరి చేతిలోనైనా పాతది పోకూడదు, అన్నాడు.

కంప్యూటర్ తెలియని మనిషి కోసం మా బిడ్డ ఎక్కడికీ పోనక్కర్లేకపోయింది. తెర మీద మాటలన్నీ తెలుగులో కూడా పెట్టింది కాబట్టి నేను చదవగలను.

పరీక్షకు ఒక పాత ల్యాప్‌టాప్ ఉంది. బ్యాటరీ ఉబ్బితే తీసేసింది. ప్లగ్గు ఉంటేనే నడుస్తుంది. అందులో పాత సిస్టమ్ ఒకటి ఎక్కించి, మా ఇంటి ఫోటోలు కొన్ని పెట్టింది. ఆ ఫోటోలు వేరే చోట కూడా ఉన్నాయి కాబట్టి పోయినా బాధ లేదు. కొత్తది ఎక్కించాక ఆ ఫోటోలు ఉంటే గెలిచినట్టు.

ఆ రోజు పొద్దున్నే నన్ను హాల్లో కూర్చోబెట్టింది. మా ఇంట్లో గట్టిగా పట్టే సాకెట్ వంటింటి గుమ్మం పక్కన ఒకటే ఉంది. ల్యాప్‌టాప్ దానికే పెట్టింది.

"నేను పక్కన ఉండ బాపు. ఉంటె నీకు చెప్పుకుంట పోత. నీకు నువ్వే చదివి చెయ్యి. అర్థం కాకుంటె ఆపి నన్ను పిలువు. అర్థం కాలే అంటె నీది తప్పు కాదు, నాది" అని వరండాలోకి పోయింది. ఆఫీసువాళ్లతో మాట్లాడే టైం అది.

మొదట భాష అడిగింది. తెలుగు నొక్కాను. ఊరు అడిగింది, పేరు అడిగింది. ఒక్కో మాట కూడబలుక్కుంటూ పోయాను. చొక్కా లోపల చెమట పట్టింది. గనిలో మొదటి రోజు కూడా అంత భయపడలేదు. తర్వాత ఆ బొమ్మ వచ్చింది. బూడిద దిమ్మె, పక్కన ఆకుపచ్చ దిమ్మె. దాన్ని చూడగానే ప్రాణం కుదుటపడింది. ఇన్ని తెలియని మాటల మధ్య నాకు తెలిసిన మనిషి ఎదురైనట్టు అనిపించింది.

బొమ్మ కింద చిన్నక్షరాల్లో నాలుగు వరుసలు ఉన్నాయి. అవి చదవలేదు. చదవాల్సిన అవసరం కనపడలేదు. ఆ కింద పెద్దక్షరాల్లో, పాత సిస్టమ్‌ని తీసేయాలా, అని ఉంది. రెండు దిమ్మెలు పక్కపక్కన ఉన్నాయి. కొత్తది నిండుగా, పచ్చగా నిలబడి ఉంది. ఇక పాతది ఎందుకు? తీసేయమని నొక్కాను. బూడిద పట్టీ మాయమైంది. కింద ఒక గీత మెల్లగా నిండడం మొదలుపెట్టింది. నేను వెనక్కి వాలి కూర్చున్నాను. పని అయిపోయిందనుకున్నాను.

అప్పుడే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. ఒక చేతిలో మిక్సీ, ఇంకో చేతిలో పల్లీలు, పచ్చిమిరపకాయలు వేసిన గిన్నె. "అయిందా?" అని అడిగింది.

"అయింది" అన్నాను.

ల్యాప్‌టాప్ ప్లగ్గు పీకి మిక్సీ పెట్టింది.

తెర నల్లబడింది. చట్నీ అయ్యాక మళ్లీ ప్లగ్గు పెడితే నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు ఒక వరుస వచ్చి ఆగిపోయాయి. అంతకుమించి ఏమీ రాలేదు. నేను చాలాసేపు చూశాను. ఎవర్నీ పిలవాలనిపించలేదు. చివరికి బిడ్డే ఫోన్ మాటలు ముగించుకుని లోపలికొచ్చింది.

వచ్చి ఆ వరుస చదివింది. ఏవో మీటలు నొక్కింది. పెన్ డ్రైవ్ మళ్లీ పెట్టి వెతికింది.  తర్వాత మెల్లగా అడిగింది.

"పాతది తీసెయ్యమన్నవా బాపు?"

"కొత్తది నిలబడ్డది గద బిడ్డా."

"నిలబడలే. ఆడ జాగ గుర్తు పెట్టినం, గంతే. ఇంక ఎక్కియ్యలే. కింద రాసిన గది."

 రాసిందన్న సంగతి నిజమే.

"మరి గసొంటి ప్రశ్న ఎందుకు పెట్టినవ్?" అని మా ఆవిడ అడిగింది. బిడ్డను తప్పుపట్టాలని కాదు, తన చేతిలో ఉన్న మిక్సీ గిన్నెను ఏం చేయాలో తోచక.

"చిన్న డిస్కులుంటయమ్మా. పాతది, కొత్తది రెండు పట్టయి. గసొంటోళ్ల కోసం పెట్టిన. ఇష్టమున్నోళ్లు తీసేసుకుంటరని."

ఆ రోజు మా ఇంట్లో ఇడ్లీలు చల్లారిపోయాయి. చట్నీ ఎవరూ ముట్టలేదు. మా ఆవిడ, నాకేమెరుక, అయిందా అంటే అయిందన్నడు, అని ఒకసారి అంది. తర్వాత అది కూడా అనడం మానేసింది.

మధ్యాహ్నం నా బామ్మర్ది వచ్చాడు. మా ఆవిడ తమ్ముడు. భూమిని పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ లారీ నడుపుతాడు. ఫస్ట్ షిఫ్టు దిగి ఇంటికిపోయే దారిలో మా ఇంట్లో చాయ్ తాగి పోవడం అతని అలవాటు. సంగతి తెలిసి చాలాసేపు నవ్వాడు.

"బావ, గనిల ఇన్నేండ్లు చేసినవ్, ఒక్క రాయి పడనియ్యలే. ఇంట్ల కూసోని మొత్తం కూలగొట్టినవ్."

"నవ్వు, నవ్వు" అన్నాను.

"అక్కా, నీ మిక్సీకి ఎంత బలముందే. ఇంగ్లీషోళ్ల పనిని సుత బంద్ చేసింది."

మా ఆవిడ నవ్వలేదు. బామ్మర్ది మా బిడ్డ వైపు తిరిగాడు. అది ల్యాప్‌టాప్ ముందు అలాగే కూర్చుని ఉంది. అప్పుడు అతనూ నవ్వడం ఆపాడు.

"కోడలా, గడువు ఎన్నడు?"

"ఎల్లుండి మామా."

"మరి పంపియ్యి. గాయిన ఏ దేశంల ఉన్నడో. మీ అమ్మ చట్నీ సంగతి ఆయనకెట్ల ఎరుక? ఒక్కసారి జరిగింది. గదే మల్లొకసారి జరుగుతదా?"

నేనూ లోపల అదే అనుకుంటున్నాను. బిడ్డ ఎంత కష్టపడిందో నేను చూశాను. ఆదివారం పొద్దున అందరూ మార్కెట్‌కు పోతే అది ఇంట్లో కూర్చునేది. ఊళ్లో ఒక ముసలాయన చదవకుండా మీట నొక్కితే ఆ కష్టమంతా ఎందుకు ఆగాలి? పంపేయమని నేను కూడా అనబోయాను.

బిడ్డ అంది, "ఇయ్యాల మా అమ్మ, మామా. రేపు ఇంకెవరి అమ్మనో. ఊళ్ల మిక్సీలు తక్కువున్నయా?"

బామ్మర్ది చాయ్ కప్పు కింద పెట్టాడు. "గట్లంటవా" అని లేచి పోయాడు.

ఆ సాయంత్రం ఓవర్‌మెన్‌కు జరిగిందంతా రాసి పంపింది. మిక్సీ సంగతి కూడా రాసింది. అది రాస్తుంటే నేను పక్కనే ఉన్నాను. ఇంగ్లీషు నాకు రాదు కానీ, ఎక్కడ నా గురించి రాస్తోందో దాని మొహం చూస్తే తెలిసింది. అక్కడ ఆగి, ఆలోచించి, మళ్లీ రాసింది.

మరుసటి రోజు జవాబొచ్చింది. ఆయన కోప్పడలేదు. ఒక్క ప్రశ్న అడిగాడట. మీ నాన్న ఆ బొమ్మ చూసినప్పుడు ఏమనుకున్నాడు? నువ్వు చెప్పొద్దు, ఆయన మాటల్లో కావాలి.

బిడ్డ తన ఫోన్ నా చేతికిచ్చింది. "నువ్వే రాయి బాపు. తెలుగుల రాయి. నేను ఇంగ్లీషుల పెట్టి పంపుత."

"నాకు రాదు బిడ్డా. నేను చెప్త, నువ్వు రాయి."

"నేను రాస్తె నా మాటలైతయి. ఆయన నీ మాటలు అడిగిండు."

వరండాలో కూర్చుని రాశాను. ఒత్తు ఎక్కడుందో దొరకదు. ఒకటి నొక్కితే ఇంకోటి పడుతుంది. పొద్దున కూర్చుంటే ఎండ నా కాళ్ల మీదికి వచ్చింది. ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ జరిగి కిటికీలు అదిరాయి. అప్పటికి ఇంత రాశాను:

నేను దిమ్మెలు నిలబెట్టేవాణ్ని. రెండు దిమ్మెలు పక్కపక్కన ఉంటే పాతది తీస్తాం. తెర మీద రెండు కనపడ్డాయి. గనిలో అయితే కొత్తదాన్ని నేనే నిలబెడతాను. సుత్తితో కొడతాను. కొట్టినప్పుడు చేతికి తెలుస్తుంది. ఇక్కడ కొట్టడానికి లేదు. నిండుగా పచ్చగా ఉంటే నిలబడిందనుకున్నాను. బొమ్మ నాకు తెలిసిన బొమ్మ కాబట్టి కింద రాసింది చదవలేదు. తెలియని బొమ్మ అయితే చదివేవాణ్ని.

చివరి మాట రాసేదాకా అది నాకే తెలియదు. రాశాక చదువుకుంటే నిజమనిపించింది. భయపడినంతసేపు నేను ప్రతి అక్షరం చదివాను. నాకు తెలుసు అనుకున్న చోట ఆగిపోయాను. ఆ పోలిక నేనిచ్చిందే. చెప్పుకుని ఇద్దరం ఎంతో సంతోషపడ్డాం. దిమ్మెకూ, కంప్యూటర్‌కూ ఎక్కడ పోలిక కలవదో మాత్రం మేమిద్దరం ఎప్పుడూ ఆలోచించలేదు.

బిడ్డ చదివింది. ఒక్క అక్షరం కూడా దిద్దలేదు. ఇంగ్లీషులో పెట్టి పంపింది.

ఓవర్‌మెన్ జవాబు ఆ సాయంత్రమే వచ్చింది. ఈ విడుదలలో దీన్ని తీసుకోలేను, ఆ ప్రశ్న సంగతి తేల్చాలంటే తొందరపడకూడదు, వచ్చే విడుదలకు చూద్దాం, అని రాశాడట. మీ నాన్నకు కృతజ్ఞతలు చెప్పు, అని కూడా ఉందట. కృతజ్ఞతలు నాకు బరువుగా అనిపించాయి. నావల్ల ఆగిన పనికి నాకు కృతజ్ఞతలేంటి?

బిడ్డ ల్యాప్‌టాప్ మూసి వంటింట్లోకి పోయింది. "అమ్మా, ఆకలైతుంది" అంది. పళ్లెం నిండా పెట్టుకుంది. తిన్నది కొంచెమే. కాలేజీ రోజుల్లో అన్నం తినకుండా పడుకున్న రోజు గుర్తొచ్చింది. ఇప్పుడు పెద్దదయ్యింది కాబట్టి మా కోసం పళ్లెం ముందు కూర్చుంది, అంతే తేడా.

కొన్ని రోజులు ఆ పని జోలికి పోలేదు. మేమూ అడగలేదు. ఇంట్లో ఇంకో మార్పు మాత్రం వచ్చింది. మా ఆవిడ ఆ సాకెట్ దగ్గరికి పోవడం మానేసింది. పెరట్లో మూలకు పడి ఉన్న రోలు కడిగి, చట్నీలు దాంట్లోనే నూరడం మొదలుపెట్టింది. అడిగితే, రోట్ల రుచి మంచిగుంటది, అంది. రుచి మంచిగుండడం నిజమే. కానీ సాయంత్రమయ్యేసరికి భుజం పట్టుకుని కూర్చునేది. మిక్సీ అటక మీదికి ఎక్కింది.

ఒక ఆదివారం బిడ్డ వచ్చి నా పక్కన కూర్చుంది. "బాపు, పైకప్పు తట్టినప్పుడు డొల్లగ పలుకుతది అంటవు గద. గది పైకి చూస్తె తెలుస్తదా?"

"తెలియదు. చూస్తె మంచిగనే కనపడుతది. తడితేనే ఎరుక."

అది లోపలికి పోయి మళ్లీ పని పట్టుకుంది. ఈసారి మధ్యలో వచ్చే ఆ ప్రశ్నను పూర్తిగా తీసేసింది. ఇన్‌స్టాలర్ పాతదాన్ని ముట్టదు. ఎవరు అడిగినా ముట్టదు. రెండిటికీ డిస్క్‌లో చోటు లేకపోతే, చోటు లేదని ముందే చెప్పి అక్కడే ఆగిపోతుంది. కొత్తది ఎక్కి, దానంతటది లేచి, మనిషి దాన్ని కొన్ని రోజులు వాడుకున్నాకే పాతదాన్ని తీయాలా అని అడుగుతుంది. బొమ్మ కూడా మార్చింది. కొత్త పట్టీ మొదట నిండుగా ఉండదు. ఖాళీ గీతల్లా, డొల్లగా కనపడుతుంది. లోపలికి ఎక్కిన కొద్దీ అడుగు నుంచి నిండుతుంది. నాకు చూపించింది. ఈసారి నేను రంగు గురించి మాట్లాడలేదు. కింద రాసిన నాలుగు వరుసలు చదివాను. అందులో ఒక మాట అర్థం కాలేదని చెప్పాను. మార్చింది. ఇంకో మాట చెప్పాను. అదీ మార్చింది.

పంపేముందు మళ్లీ పరీక్ష పెట్టింది. అదే పాత ల్యాప్‌టాప్, అదే సాకెట్. నేను కూర్చున్నాను. ఈసారి అది వరండాలోకి పోలేదు. గీత నిండడం మొదలయ్యాక వంటింటి వైపు తిరిగి పిలిచింది.

"అమ్మా, చట్నీ చేసినవా?"

"రోట్ల ఏసిన, నూరుత ఇప్పుడు."

"రోట్ల వద్దు. మిక్సీల చెయ్యి."

మా ఆవిడ గడప దగ్గరికొచ్చింది. తెర వైపు చూసింది. నా వైపు చూసింది. "మీ పనయినంక చేస్త" అంది.

"పని కావద్దు. మధ్యలనే పీకాలె. నువ్వే పీకాలె."

"నేను పీక. ఒకసారి పీకింది సాలదా? మీ బాపును పీకుమను."

"బాపు పీకితె ఎరుకైన మనిషి పీకినట్టయితది. ఆ రోజు ఎట్ల పీకినవో గట్లనే పీకు."

"ఆ రోజు నాకు ఎరుకలేదు. ఇయ్యాల ఎరుకైనంక చెయ్యి ఎట్లొస్తదే?"

నేను లేచి అటక మీంచి మిక్సీ దించాను. దుమ్ము తుడిచాను. మా ఆవిడ రోట్లోంచి పల్లీలు తీసి గిన్నెలో వేసుకొచ్చింది. చెయ్యి కొంగుకు తుడుచుకుంది. సాకెట్ దగ్గర నిలబడి చాలాసేపు ప్లగ్గు పట్టుకునే ఉంది. గీత సగం దాటింది.

"అయిందా?" అని అడిగింది. అలవాటుగా వచ్చిన మాట.

"కాలే" అన్నాను. "పీకు."

పీకింది. తెర నల్లబడింది. మిక్సీ పెట్టి తిప్పింది. ఆ మోతలో మేం ముగ్గురం ఆ నల్లటి తెర వైపే చూస్తూ నిలబడ్డాం. చట్నీ ఎప్పుడో మెత్తబడింది. అయినా ఆమె మిక్సీ ఆపడం లేదు. ఆపితే ప్లగ్గు మళ్లీ పెట్టాలి కదా. చివరికి బిడ్డే పోయి ఆపింది. ల్యాప్‌టాప్ ప్లగ్గు పెట్టి మీట నొక్కింది.

తెల్లటి అక్షరాలు ఒక వరుస వచ్చాయి. పోయినసారి ఇక్కడే ఆగింది. ఇంకో వరుస వచ్చింది. తర్వాత పాత సిస్టమ్ లేచింది. బిడ్డ ఫోటోలు తెరిచి చూపించింది. మొదటిది మా ఆవిడదే. మంచిర్యాల స్టేషన్‌లో ఎండకు కళ్లు చిట్లించి, సంచి పట్టుకుని నిలబడింది.

"గదేంది, గంత నల్లగ పడ్డ" అంది మా ఆవిడ. కొంగుతో తెర తుడిచింది.

బిడ్డ వేలి కణుపుతో ల్యాప్‌టాప్ మీద రెండుసార్లు తట్టింది. "ఎట్ల పలుకుతుంది బాపు?"

నేను చెవి దగ్గరపెట్టి విన్నట్టు చేశాను. "నిలబడొచ్చు" అన్నాను.

ఈసారి పనిని తీసుకున్నారు. కొత్త విడుదలలో ఉందట. ఎక్కడెక్కడివాళ్లో వాడుతున్నారని బిడ్డ చెబుతుంది. ఎవరూ ఏమీ రాయడం లేదు. అదే మంచి సంగతి అంటుంది. దిమ్మె బాగుంటే దాని గురించి ఎవరు మాట్లాడతారు?

రోలు మళ్లీ పెరటి మూలకు చేరింది. మా ఆవిడ మాత్రం ఇప్పటికీ, ఆ సాకెట్‌కు ల్యాప్‌టాప్ కనపడితే చాలు, మిక్సీ పట్టుకుని నిలబడి, వరండా దాకా వినపడేట్టు అడుగుతుంది.

"అయిందా?"

బిడ్డ చెవులకు పెట్టుకున్నవి తీసి, "కాలేదమ్మా. పీకు" అంటుంది.